జనం చందాలతో వచ్చిన కృతికి జనం ఓటుతో పురస్కారం

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అచ్చుకు వెళ్లకముందే పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి వేసిన పుస్తకాలు, అలాగే తీసిన లఘుచిత్రాలు, పాటల ఆల్బమ్‌లు, బొమ్మల కథలు మన భాషలో కొన్నేళ్లుగా కనిపిస్తున్నాయి. క్రౌడ్‌ఫండింగ్ అని అందరూ పిలుస్తున్న ఈ పద్ధతిలో వచ్చిన కృతులకు పాఠకులు, ప్రేక్షకులే ఓటు వేసి ఏటా పురస్కారం ఇవ్వాలన్న కోరిక పలు ఊళ్లలో పుట్టినట్టు ఈ ఉత్తరాల వల్ల తెలుస్తున్నది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా ఊళ్లో పదిహేను మందిమి కలిసి నెలనెలా పుస్తకాలు చదివి మాట్లాడుకుంటాం. చందాలతో వెలువడిన తెలుగు కృతులకు వచ్చే ఏడాది నుంచి పాఠకుల ఓటుతో పురస్కారం ఇవ్వాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ కృతులను పోటీకి తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఓటింగు పద్ధతి గురించి, జ్ఞాపిక గురించి ఆలోచించే ముందు మీ పదిహేను మందీ కూర్చుని ఒక విషయం తేల్చుకోవాలని మా మనవి. చందా ఇచ్చిన రోజునే జనం ఒకసారి ఓటు వేశారు. ఆ ఓటు ఒక మాటకు పడింది: “నేను ఈ పుస్తకం వేస్తాను, ఈ చిత్రం తీస్తాను, నన్ను నమ్మండి” అన్న మాటకు. పురస్కారం కోసం మీరు రెండోసారి ఓటు అడుగుతున్నారు కనుక రెండో ప్రశ్న వేరుగా ఉండాలి: చేస్తామన్నది చేశారా, చేసింది ఎలా ఉంది? ఈ తేడాను నియమావళి మొదటి వాక్యంలోనే రాసిపెట్టకపోతే, ఎవరికి ఎక్కువ చందా వచ్చిందో వారికే జ్ఞాపిక కూడా వెళుతుంది. అప్పుడు చందాల పట్టిక చూసి ఇచ్చేయవచ్చు, ఓటింగు శ్రమ అక్కరలేదు.

దీని నుంచి వచ్చే మొదటి నియమం, చందాల సేకరణ ముగిసిన తేదీని అర్హతకు కొలమానంగా పెట్టుకోకూడదు. కృతి చందాదారుల చేతికి అందిన తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. ఇది అతి జాగ్రత్తగా అనిపించవచ్చు. అమెరికాలో 2009 ఏప్రిల్‌లో మొదలైన, చందాలు సేకరించిపెట్టే కిక్‌స్టార్టర్ వేదిక మీద ఈథన్ మాలిక్ అనే పరిశోధకుడు చేసిన అధ్యయనాలు రెండు ఇక్కడ పనికివస్తాయి. డిజైన్, టెక్నాలజీ విభాగాల ప్రాజెక్టులను పరిశీలించి 2014లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం, నాలుగింట మూడు వంతులకు పైగా ప్రాజెక్టులు చెప్పిన గడువు దాటాకే వస్తువును అందించాయి. అన్ని విభాగాల చందాదారులను విచారించి 2015లో ఇచ్చిన నివేదికలో సుమారు 9 శాతం ప్రాజెక్టులు ఇస్తామన్నది ఇవ్వలేకపోయాయని తేలింది. ఆలస్యం నేరమేమీ కాదు, చిత్రకారుడికి జబ్బు చేయవచ్చు, కాగితం ధర పెరగవచ్చు. అయితే ఇంకా రాని పుస్తకానికి పురస్కారం ఇచ్చి, చివరికి అది రానేరాకపోతే, చందా ఇచ్చి మోసపోయామనుకునే పాఠకుడి దృష్టిలో మీరూ ఆ మోసంలో భాగస్వాములవుతారు. ఒక్కసారి అలా జరిగితే ఆ పేరు మళ్లీ కోలుకోదు.

అందినట్టు రుజువు ఎలా అని మీరు అడుగుతారు. చందాదారుల పేర్లు, చిరునామాలు రచయిత దగ్గర ఉంటాయి. వాటిని మీరు అడగడం మంచిది కాదు, ఆయన ఇవ్వడమూ మంచిది కాదు. దానికి బదులు, అందించామని చెప్పిన కృతుల పేర్లన్నీ ఓటింగుకు ముందే ప్రకటించి, “వీటిలో దేనికైనా చందా కట్టి ఇప్పటివరకు అందుకోనివారు ఉంటే మూడు వారాల్లోగా తెలియజేయగలరు” అని ఒక ప్రకటన ఇవ్వండి. ఫిర్యాదు వచ్చినప్పుడు రచయితకు పంపి, ఆయన జవాబు తీసుకుని, ఫిర్యాదుదారుకు కృతి చేరాక ముందుకు సాగండి. పార్సెల్ దారితప్పిన సంఘటనలు ఇక్కడే పరిష్కారమవుతాయి, నిజంగా ఎగవేసినవారు ఇక్కడే బయటపడతారు.

విభాగాల విషయంలో ఆశ తగ్గించుకోండి. నవల, కథ, కవిత్వం, అనువాదం, బాలసాహిత్యం, లఘుచిత్రం, సంగీతం, బొమ్మల కథ అంటూ మొదటి ఏడాదే ఎనిమిది విభాగాలు పెడితే, వాటిలో మూడింటికి ఇద్దరేసి పోటీదారులు కూడా ఉండరు. ముద్రణ ఒకటి, దృశ్యశ్రవణం ఒకటి, ఈ రెండు చాలు. ఒక విభాగానికి అర్హమైన కృతులు ఐదు కంటే తక్కువ వస్తే దానిని ఆ ఏడాదికి ఆపివేస్తామన్న నియమం కూడా ముందే రాసుకోండి. లేకపోతే ఆపినప్పుడు ఎవరినో కాదనడానికే ఆపారని అంటారు.

ఇంకొక్క మాట. ఓటు వేసేవారికి కృతి అందుబాటులో ఉండాలి. చందాలతో వచ్చే పుస్తకాలు చాలావరకు మూడు వందలో, ఐదు వందలో ప్రతులు మాత్రమే అచ్చయి, చందాదారుల ఇళ్లకు చేరి ఆగిపోతాయి. అంటే ఓటరు చదవాలనుకున్నా దొరకదు. తుది జాబితాలోకి వచ్చిన ప్రతి పుస్తకానికి రచయిత నుంచి కొన్ని ప్రతులు తీసుకుని, మీ జిల్లాలోని శాఖా గ్రంథాలయాల్లో ఓటింగు ముగిసేవరకు ఉంచమని గ్రంథాలయ అధికారులను అడగండి. లఘుచిత్రాలనైతే ఒక ఆదివారం సాయంత్రం అక్కడే వేసి చూపించవచ్చు. మీరు పెట్టే ఖర్చులో అన్నిటికన్నా సార్థకమైనది ఇదేనని మా నమ్మకం.

ప్రశ్న: ఓటింగు అంటేనే మందబలం కదా? వేయి మంది చందాదారులున్న ప్రాజెక్టుతో ఎనభై మంది చందాదారులున్న ప్రాజెక్టు ఎలా పోటీపడుతుంది? ఏ పద్ధతిలో లెక్కిస్తే న్యాయం జరుగుతుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలో అసలు చిక్కు మీరు పట్టుకున్నదే. చందాదారుల సంఖ్య కృతి గుణాన్ని చెప్పదు. ఒక్కో చందా ఎంత అన్నదాన్ని బట్టి ఆ సంఖ్య పెరుగుతుంది, తరుగుతుంది. శ్యామ్ బెనెగల్ 1976లో తీసిన ఒక హిందీ చిత్రానికి గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. మన తెలుగులో 2018లో విడుదలైన ఒక చిత్రానికి వంద మందికి పైగా కలిసి, ఒక్కొక్కరు పెద్ద మొత్తాలే పెట్టారు. ఈ రెండు చిత్రాలూ ఒకే ఏడాది వచ్చి, చందాదారులందరికీ తలా ఒక ఓటు ఉండి ఉంటే, పెట్టె తెరవకుండానే ఫలితం చెప్పేయవచ్చు. ఆ ఫలితానికీ ఆ చిత్రాల మంచిచెడ్డలకూ సంబంధమే ఉండదు.

కాబట్టి మొదట ఓటర్ల జాబితాను ఏ ఒక్క ప్రాజెక్టు చందాదారుల జాబితాతోనూ ముడిపెట్టకండి. ఓటరు మీ దగ్గర విడిగా పేరు నమోదు చేసుకోవాలి, ఆ నమోదు తుది జాబితా ప్రకటించకముందే ముగియాలి. పోటీలో ఎవరున్నారో తెలియకముందే వచ్చి చేరినవారు పుస్తకాల మీద ప్రేమతో చేరినవారు. తెలిశాక పరుగెత్తుకొచ్చేవారిలో ఎక్కువమంది ఒకరి కోసం వచ్చినవారు. ఈ ఒక్క నియమంతోనే మీరు భయపడుతున్న మందబలం చాలావరకు తగ్గుతుంది.

లెక్కింపు పద్ధతికి మనం దూరం వెళ్లనక్కరలేదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి ప్రాధాన్య ఓటు తెలుసు. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తాం, ఎవరికీ సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే చివరనున్న అభ్యర్థిని తొలగించి, ఆయనకు పడిన పత్రాల్లోని రెండో ప్రాధాన్యాన్ని మిగిలినవారికి కలుపుతారు. మీ పురస్కారానికీ ఇదే తగిన పద్ధతి. వంద మంది ఓటు వేశారనుకుందాం. ఒక కవితా సంపుటికి 40, ఒక నవలకు 35, ఒక బొమ్మల కథకు 25 మొదటి ప్రాధాన్యాలు వచ్చాయి. సాధారణ లెక్కలో కవితా సంపుటి గెలుస్తుంది, అరవై మంది దానిని మొదటి స్థానంలో పెట్టకపోయినా సరే. ప్రాధాన్య లెక్కలో బొమ్మల కథ తప్పుకుంటుంది. దాని పాతిక పత్రాల్లో ఇరవై నవలను రెండో స్థానంలో, ఐదు కవితా సంపుటిని రెండో స్థానంలో ఉంచాయనుకుంటే నవలకు 55, సంపుటికి 45. అంటే, ఒక గట్టి బృందానికి మాత్రమే ఇష్టమైన కృతి కంటే, ఎక్కువమంది సమ్మతించిన కృతికి ఈ పద్ధతిలో విలువ దక్కుతుంది. 2021 మార్చిలో తెలంగాణ పట్టభద్రుల స్థానాల లెక్కింపు రోజుల తరబడి సాగినప్పుడు విసుక్కున్నవారున్నారు. మీ ఓటర్లు వందల్లోనే ఉంటారు, ఒక మధ్యాహ్నం సరిపోతుంది.

అయితే ప్రాధాన్య ఓటు చివరి దశను మాత్రమే కాపాడుతుంది. మందబలం అసలు దెబ్బ కొట్టేది నామినేషన్ల దశలో. ఐదు వందల మంది పాఠకులు తలా ఐదు పేర్లు సూచిస్తారనుకోండి. నాలుగు వందల మంది తమకు నచ్చినవి రాస్తే ఆ పేర్లు అరవై డెబ్బై కృతుల మీద చెదిరిపోతాయి. మిగిలిన వంద మంది కూడబలుక్కుని ఒకే ఐదు పేర్లు రాస్తే, తుది జాబితాలోని ఐదు స్థానాలూ ఆ వంద మందివే అవుతాయి. ఇది ఊహ కాదు. 1953 నుంచి ఇస్తున్న హ్యూగో పురస్కారాలు సైన్స్ ఫిక్షన్ రచనలకు వరల్డ్‌కాన్ అనే వార్షిక సమావేశపు సభ్యులు ఓటు వేసి ఇచ్చేవి. 2015లో ఒక వర్గం ముందుగా జాబితా తయారుచేసి తనవారి చేత అవే పేర్లు రాయించడంతో చాలా విభాగాల తుది జాబితాలు వారి పేర్లతోనే నిండాయి. ఆ ఏడాది సభ్యులు ఐదు విభాగాల్లో “ఎవరికీ వద్దు” అన్న గడికే ఎక్కువ ఓట్లు వేశారు.

ఆ తరువాత వారు నియమం మార్చుకుని 2017 నుంచి అమలు చేస్తున్నారు. ఆ మార్పులో రెండు అంశాలున్నాయి. ఒకటి, నామినేషన్ పత్రానికి ఒక పాయింటే, ఐదు పేర్లు రాస్తే తలా ఐదో వంతు. వెనకబడిన పేర్లు ఒక్కొక్కటీ తొలగిపోతుంటే మిగిలినవాటికి వాటా పెరుగుతుంది, కాబట్టి కూడబలుక్కున్న బృందానికి తన జనాభాకు తగ్గ స్థానాలకు మించి దక్కవు. రెండవది చాలా సులువైనది: ఒక్కొక్కరు ఐదు పేర్లే సూచించాలి, తుది జాబితాలో మాత్రం ఆరు ఉంటాయి. తెనాలి, వరంగల్ వంటి చోట్ల చిన్నగా మొదలయ్యే పురస్కారానికి మొదటి అంశంలోని గణితం బరువవుతుంది. రెండో అంశాన్నే కొంచెం గట్టిపరచి, మూడు పేర్లు సూచించండి, ఆరు పేర్లు జాబితాలో పెట్టండి. అందరూ అవే పేర్లు రాసే ఏ ఒక్క బృందమూ సగానికి మించి ఆక్రమించలేదు.

“ఎవరికీ వద్దు” అన్న గడిని కూడా తప్పక పెట్టండి. మన ఈవీఎంలో 2013 నుంచి ఉన్న నోటాకు ఎన్ని ఓట్లు పడినా అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారు. హ్యూగోలో అలా కాదు, ఆ గడిని కూడా ఒక పోటీదారుగానే లెక్కిస్తారు, అది గెలిస్తే ఆ విభాగంలో పురస్కారం ఉండదు. మీ పురస్కారానికి ఒక స్థాయి ఉండాలంటే దానిని కాదనగల హక్కు ఓటరుకు ఉండాలి.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, నలుగురు పెద్ద రచయితలను న్యాయనిర్ణేతలుగా పెడితే పోదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పోతుంది, కానీ అప్పుడు అది పాఠకుల పురస్కారం కాదు, న్యాయనిర్ణేతల పురస్కారం. అటువంటివి మనకు తగినన్ని ఉన్నాయి. రెండింటినీ కలిపిన మార్గం ఒకటుంది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి ఆడే కథాక్రీడల పుస్తకాలకు అమెరికాలో 2001 నుంచి ‘ఎన్నీ’ అనే పేరుతో పురస్కారాలు ఇస్తున్నారు. ఆ రంగంలో నేడు చాలా పుస్తకాలు క్రౌడ్‌ఫండింగ్‌తోనే వెలువడుతున్నాయి కాబట్టి వారి అనుభవం మన విషయానికి దగ్గరిది. అక్కడ ప్రచురణకర్తలు తమ పుస్తకాలను పంపుతారు, ఐదుగురు పరిశీలకులు వాటిని చదివి తుది జాబితా తయారుచేస్తారు, ఆ జాబితా మీద ప్రజలు ఓటు వేస్తారు. ముఖ్యమైన విషయం, ఆ ఐదుగురిని కూడా ప్రజలే ఏటా ఎన్నుకుంటారు. చదివే శ్రమ కొద్దిమందిది, తీర్పు అందరిది. మీకు ఐదుగురు ఓపికగల చదువరులు దొరికితే పై జవాబులో చెప్పిన నామినేషన్ల చిక్కంతా తప్పించుకోవచ్చు. అయితే వారిలో ఎవరూ పోటీలోని ఏ ప్రాజెక్టుకూ చందా ఇచ్చి ఉండకూడదని మాత్రం పట్టుపట్టకండి. మన తెలుగు పుస్తక ప్రపంచం చిన్నది, చందా ఇవ్వని మంచి చదువరి దొరకడు. ఎవరు దేనికి ఎంత ఇచ్చారో ముందుగా ప్రకటిస్తే చాలు, తన రచన కానీ తన ఇంటివారి రచన కానీ పోటీలో ఉన్నవారు మాత్రం తప్పుకోవాలి.

ప్రశ్న: నేను చందాలతో బొమ్మల కథల పుస్తకం వేశాను. ఒక పురస్కారపు తుది జాబితాలో నా పుస్తకం ఉంది. నా చందాదారులకు వాట్సాప్‌లో “ఓటు వేయండి” అని పంపితే తప్పవుతుందా? మిగతావాళ్లు పంపుతున్నారు, నాకు మొహమాటంగా ఉంది.
– ఒక చిత్రకారిణి, అనంతపురం

జవాబు: పుస్తకం తుది జాబితాలో ఉందన్న సంతోషాన్ని మీ చందాదారులతో పంచుకోవడం ఏమాత్రం తప్పు కాదమ్మా. వారు మీ పని మీద నమ్మకంతో డబ్బు పెట్టినవారు, ఆ కబురు వినే హక్కు వారికుంది. “జాబితాలో ఉన్న ఆరు పుస్తకాలివి, వీలైనన్ని చదివి, మీకు తోచినట్టు ఓటు వేయండి” అని ఆరింటి పేర్లూ రాసి పంపండి. ఆ ఆరింటిలో మీది ఒకటని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. “నాకే మొదటి ప్రాధాన్యం వేసి ఫొటో పంపండి”, “ఓటు వేసినవారికి తరువాతి పుస్తకం మీద తగ్గింపు” వంటివి మాత్రం చేయకండి. ఓటు వేసినందుకు ప్రతిఫలం ఇవ్వడం, దానికి రుజువు అడగడం, ఈ రెండింటినీ నిర్వాహకులు నియమావళిలోనే స్పష్టంగా నిషేధించాలి. మీ సందిగ్ధానికి మూలం ఆ పురస్కారంలో ఇటువంటి నియమం లేకపోవడమే అయివుంటుంది. నిర్వాహకులకు ఒక ఉత్తరం రాసి, ఏది అనుమతి, ఏది కాదు అని పోటీదారులందరికీ ఒకే ప్రకటన ఇవ్వమని కోరండి. మీ మొహమాటం మీ ఒక్కరిదే కాదు. అడగనివారు ఓడిపోతారన్న భయంతోనే చాలామంది మనసొప్పకపోయినా అడుగుతున్నారు.

ప్రశ్న: పురస్కారం నడపడానికి కూడా చందాలే అడగవచ్చా? అమెరికాలో ఉన్న మా స్నేహితులు సహాయం చేస్తామంటున్నారు. ఓటర్ల ఫోన్ నంబర్లు తీసుకోవడంలో ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చందాలు అడగవచ్చు, ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని ఏటా లెక్క ప్రకటించండి. చందా ఇచ్చినవారికి అదనపు ఓటు ఉండదని, పోటీలోని ప్రాజెక్టులకు చందాలు సేకరించిపెట్టిన వేదికల నుంచి డబ్బు తీసుకోబోమని రాసుకోండి.

విదేశీ సహాయం విషయంలో పౌరసత్వం చూడాలి, ఉంటున్న దేశం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్న మీ స్నేహితుడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితుడు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ దాతే. సాంస్కృతిక కార్యక్రమం కోసం ఆయన దగ్గర డబ్బు తీసుకోవాలంటే మీ సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ కానీ ముందస్తు అనుమతి కానీ ఉండాలి. అది లేనప్పుడు ఆయనను ఓటరుగా, వాలంటీరుగా ఆహ్వానించండి, డబ్బు మాత్రం వద్దు.

ఫోన్ నంబర్ల సంగతికి వస్తే, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సారాంశాన్ని పాటిస్తే సరిపోతుంది: ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోండి, ఆ పనికే వాడండి, పని అయ్యాక తుడిచేయండి. ఇంకొకటి గమనించండి. ఒక నంబరుకు ఒక ఓటు, ఓటీపీతో ధ్రువీకరణ అన్న నియమం పట్నంలో బాగానే ఉంటుంది. ఒకే ఫోనున్న ఇంట్లో తండ్రి, కూతురు, అమ్మమ్మ ముగ్గురూ చదువరులైతే ఇద్దరి ఓటు పోతుంది. రెండు సిమ్ములున్న కుర్రాడికి రెండు ఓట్లు వస్తాయి. అందుకని గ్రంథాలయంలో సంతకం చేసి కాగితం మీద వేసే ఓటు కూడా ఉంచండి. శ్రమ ఎక్కువే, కానీ పుస్తకాలను నిజంగా చదివేవారు మీకు ఎక్కువగా దొరికేది అక్కడే.

ప్రశ్న: మేము ఇటువంటి పురస్కారం రెండేళ్లుగా నడుపుతున్నాం. నిరుడు చివరి రోజు రాత్రి గంట వ్యవధిలో ఒకే కృతికి డెబ్బైకి పైగా ఓట్లు పడ్డాయి. అంతకుముందు పది రోజుల్లో దానికి పడినవి పన్నెండు. మాలో కొందరు ఆ కృతిని తీసేద్దామన్నారు, కొందరు ఎందుకొచ్చిన గొడవ, వదిలేద్దామన్నారు. చివరికి వదిలేశాం, అది గెలిచింది. ఆ రచయిత మంచివాడే. మనసులో మాత్రం ముల్లులా ఉంది. ఈ ఏడాది ఏం చేయాలి?
– పేరు ప్రచురించవద్దన్న నిర్వాహకుడు, హైదరాబాద్

జవాబు: మీ బాధ మాకు తెలుసు. ఈ జవాబు రాస్తున్న వ్యక్తి ఒక కథల పోటీకి ఓట్ల లెక్కింపు చూసిన సంవత్సరం సరిగ్గా ఇటువంటి రాత్రినే ఎదుర్కొని, నలుగురూ వద్దనడంతో నోరు మూసుకున్నాడు. ఆ ఏడాది గెలిచిన కథ మంచిదే. కానీ దాని రచయిత్రి ఎప్పుడు ఎదురుపడినా, ఆమెకు న్యాయంగా రావలసిన సంతోషాన్ని మేమే పాడుచేశామన్న బెంగ ఈనాటికీ ఉంది. అందుచేత ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

మీవాళ్లు ఇచ్చిన రెండు సలహాల్లోనూ ఒకే లోపం ఉంది. ఓటును చూడకుండా కృతిని చూశారు. దొంగ ఓట్లు వేసింది రచయితేనని మీకు తెలియదు, ఒక అభిమాని కావచ్చు, ఆయనంటే గిట్టనివారే కావచ్చు. కృతిని తీసేస్తే తెలియని తప్పుకు శిక్ష వేసినట్టు, వదిలేస్తే మిగిలిన పోటీదారులకు అన్యాయం చేసినట్టు. 2024లో గ్లాస్గోలో జరిగిన వరల్డ్‌కాన్ నిర్వాహకులు ఇటువంటి చిక్కును పరిష్కరించిన తీరు మీకు దారి చూపుతుంది. ఆ ఏడాది హ్యూగో ఓటింగులో పడిన 3,813 ఓట్లలో 377 ఓట్లు ఒకే పోటీదారుకు మేలు చేసేలా ఉన్నాయని, వాటిలో కొన్ని ఖాతాల పేర్లు ఒక్క అక్షరం తేడాతో వరుసగా పేర్చినట్టున్నాయని వారు గుర్తించారు. అక్కడ ఓటు హక్కుకు రుసుము కట్టాలి, అయినా ఎవరో ఇతరుల చేత ఆ రుసుము కట్టించి తిరిగి ఇచ్చారన్న సమాచారం కూడా వారికి అందింది. నిర్వాహకులు ఆ 377 ఓట్లను చెల్లనివిగా ప్రకటించారు. ఆ పోటీదారుకు ఈ విషయం తెలుసనడానికి ఆధారం లేదు కనుక పోటీ నుంచి తప్పించలేదు, పేరు బయటపెట్టలేదు. మిగిలిన ఓట్లతో లెక్కిస్తే ఆ పోటీదారు గెలవలేదు. ఇదంతా వారు ఫలితాలకు ముందే, జులైలో బహిరంగంగా చెప్పారు.

అంతకుముందు ఏడాది చైనాలోని చెంగ్‌డూలో జరిగిన సమావేశంలో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. నామినేషన్ల లెక్కలు 2024 జనవరిలో వెలువడ్డాక, తగినన్ని నామినేషన్లు వచ్చిన కొన్ని రచనలను, కొందరు రచయితలను కారణం చెప్పకుండా అనర్హులుగా పక్కన పెట్టిన సంగతి బయటపడింది. డెబ్బై ఏళ్ల పేరున్న పురస్కారం మీద అది వేసిన మచ్చ ఎంత పెద్దదో ఆ రంగంలోని వారి మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అయినా ఒక మంచి విషయం గమనించండి: సమావేశం ముగిసిన తొంభై రోజుల్లోగా లెక్కలు ప్రకటించాలన్న నియమం వారికి ముందునుంచీ ఉంది. ఆ నియమమే లేకపోతే పక్కన పెట్టిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఈ ఏడాదికి మీరు చేయవలసినది చెబుతాం. ఏ ఓటు చెల్లదో నామినేషన్లు మొదలయ్యేలోపే రాసి ప్రకటించండి: ఒకే మనిషి వేసిన రెండో ఓటు, లేని మనిషి పేరుతో పడిన ఓటు, ప్రతిఫలం తీసుకుని వేసిన ఓటు. చివరి గంటలో పడడం ఒక్కటే చెల్లకపోవడానికి కారణం కాకూడదు, మనవాళ్లలో కరెంటు బిల్లు కూడా ఆఖరి రోజునే కట్టేవారు ఎంతోమంది. అనుమానం వచ్చిన ఓటర్లకు ఫోను చేసి, జాబితాలోని పుస్తకాల్లో ఏవి చదివారు, ఎక్కడ దొరికాయి అని మర్యాదగా అడగండి. చదివినవారు ఆనందంగా చెబుతారు. ఓటింగు జరుగుతుండగా ఎవరికి ఎన్ని పడ్డాయో ఎవరికీ, మీ బృందంలోని వారికి సైతం, కనిపించనివ్వకండి. వెనకబడ్డామని తెలిసినప్పుడే చాలామందికి దురాశ పుడుతుంది. లెక్కింపును పోటీతో సంబంధం లేని ఇద్దరికి, వీలైతే ఒక బ్యాంకు ఉద్యోగికి, ఒక లెక్కల మాస్టారికి అప్పగించండి. ఫలితాలు చెప్పిన నెల రోజుల్లోగా ప్రతి రౌండులో ఎవరికి ఎన్ని ఓట్లు, ఎన్ని చెల్లలేదు, ఏ కారణంతో అన్నది ఒక పేజీలో ప్రకటించండి.

నిరుటి సంగతి మిగిలింది. పురస్కారాన్ని వెనక్కి తీసుకోకండి, ఆ రోజు మీకు నియమం లేదు. ఆ రచయితను కలిసి, ఆ రాత్రి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఈ ఏడాది ప్రకటించే ఒక పేజీలో నిరుటి అంకెలను కూడా, పేర్లు లేకుండా, మొదటి పేరాలో వేయండి: పది రోజుల్లో పన్నెండు, ఒక గంటలో డెబ్బైకి పైగా, విచారించలేదు, లెక్కలోకి తీసుకున్నాం.